గోరుముద్దల నుంచి గింజల దాకా

అన్నప్రాశన రోజున పాయసం నాకించేస్తే మర్నాటి నుంచి చంటిపిల్ల కంచం ముందేసుకుని కూర్చుంటుందా? కూర్చోదు. నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకుంటుంది, పది మెతుకులు ఒంటికి పూసుకుంటుంది. పాల మీద నుంచి అన్నం మీదకు రావడానికి నెలలు పడుతుంది. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే 'తొందరేముందే, అదే నేర్చుకుంటుంది' అని సర్దిచెబుతారు. చేత్తో మేత పెట్టి పెంచే కాకటీల్ పిల్లకూ సరిగ్గా అదే మాట వర్తిస్తుంది. కాకపోతే మనిషి పిల్లకు నెలల్లో జరిగేది దీనికి వారాల్లో జరిగిపోతుంది. ఆ కొద్ది వారాల్లో తొందరపడితే పోయేది దాని ప్రాణమే.

మన రామచిలుకను పంజరంలో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అందుకే చిలుక సరదా ఉన్నవాళ్లు చాలామంది తలపై కుచ్చుతో, బుగ్గల మీద నారింజ రంగు బొట్లతో ముద్దుగా ఉండే కాకటీల్ వైపు చూస్తున్నారు. దీని సొంతూరు ఆస్ట్రేలియా. కాకటూల కుటుంబంలో అన్నిటికన్నా చిన్నది ఇదే. పెద్దదయ్యాక కూడా 80 నుంచి 100 గ్రాములు తూగుతుందంతే. బాగా చూసుకుంటే 15-20 ఏళ్లు మనతో ఉంటుంది. అక్కడి ఎండు మైదానాల్లో గుంపులుగా నేల మీద వాలి, గడ్డిగింజలు ఏరుకుని తినడం దీని అలవాటు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మాన్పించడం మన పని కాదు

గుడ్డులోంచి వచ్చిన పిల్లకు తల్లీ తండ్రీ ఇద్దరూ మేత కక్కి నోట్లో పెడతాయి. మనిషికి మచ్చిక కావాలని పెంపకందారులు రెండు మూడు వారాల పిల్లను గూట్లోంచి తీసి, జావలాంటి ఫార్ములాను సిరంజితోనో చెంచాతోనో పెడుతుంటారు. కష్టం ఇక్కడ కాదు, దీన్ని ఆపే దగ్గర వస్తుంది.

'ఆరు వారాలు నిండాయి, ఇక సిరంజి ఆపేస్తే ఆకలేసి అదే తింటుంది' అనుకునేవాళ్లు ఎక్కువ. పాలు మాన్పించడానికి వెనకటికి వేపాకు రసం పూసేవారు కదా, ఇదీ అలాంటిదే అనుకుంటారు. కానీ వేపాకు పూసే నాటికి ఆ పిల్లకు అన్నం తినడం వచ్చి ఉంటుంది. దీనికి గింజ ఒలవడమే రాదు. సిరంజి ఆపేసిన మొదటి రోజు అది మెడ ఊపుతూ గోల చేస్తుంది. రెండోరోజూ చేస్తుంది. మూడోరోజు నోరు మూసుకుని ఓ మూల కూర్చుంటుంది. 'హమ్మయ్య, అలవాటైపోయింది' అని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. అది అలవాటు కాదు, నీరసం. అరిచే ఓపిక కూడా అయిపోయిందని అర్థం. అంత చిన్న ఒంట్లో దాచుకున్న బలం రెండు మూడు రోజులకు మించి రాదు.

అందుకే అనుభవమున్న పెంపకందారులు ఒక సూత్రం చెబుతారు. కళ్లెదురుగా మేత పుష్కలంగా పెట్టండి, అడిగినప్పుడు చేత్తోనూ పెట్టండి. ఎప్పుడు మానాలో పిల్లే తేల్చుకుంటుంది.

వారాల లెక్క

ఇది స్థూలమైన లెక్కే. ఒకే గూట్లో పుట్టిన అన్నదమ్ముల్లో కూడా రెండు వారాల తేడా రావచ్చు.

నాలుగో వారం: ఈకలు వస్తుంటాయి. రోజుకు మూడు నాలుగుసార్లు ఫార్ములా. కనిపించిన ప్రతిదాన్నీ ముక్కుతో పొడిచి చూస్తుంది. గింజలు పరిచయం చేయడానికి ఇదే అదను.

ఐదో వారం: రెక్కలు కొట్టి ఎగరడం మొదలుపెడుతుంది. ఎగిరే సరదాలో మేత వద్దంటుంది, ఒళ్లు కాస్త తగ్గుతుంది. కంగారు పడక్కర్లేదు. సరిగ్గా ఎగరడం రాకముందే రెక్కలు కత్తిరించొద్దు. గదిలో వదిలేముందు సీలింగ్ ఫ్యాను ఆపడం మాత్రం మరవొద్దు.

ఆరో వారం: రోజుకు రెండుసార్లు చాలు. ముందు మానేయాల్సింది మధ్యాహ్నం పూట మేత.

ఏడో వారం: ఉదయం మేత కూడా తగ్గుతూ వస్తుంది. రాత్రి మేత మాత్రం చివరి దాకా ఉంచాలి. పిల్ల ఆకలితో నిద్రపోకూడదు.

ఎనిమిది నుంచి పదో వారం: చాలా పిల్లలు పూర్తిగా మానేస్తాయి. కొన్ని పన్నెండు వారాల దాకా సాగదీస్తాయి. వాటిని మొండివనుకోవద్దు.

ఫార్ములా ఇస్తున్నన్నాళ్లూ వేడి జాగ్రత్త. అది 39 నుంచి 41 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. చల్లారితే పిల్ల తీసుకోదు, తీసుకున్నా అరగదు. 43 డిగ్రీలు దాటితే మెడ కింద ఉండే మేత సంచి లోపల కాలిపోతుంది. ఆ పుండు కొద్ది రోజుల తర్వాత గానీ బయటపడదు. వేలు ముంచి చూడటం కాదు, థర్మామీటరు వాడండి. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే ఒకచోట గోరువెచ్చగా, మరోచోట సలసలలాడుతూ ఉంటుంది కాబట్టి ఆ పని వద్దు. ఒక పూటకు పిల్ల బరువులో పదో వంతు చాలు. అంటే 80 గ్రాముల పిల్లకు 8 మిల్లీలీటర్లు. చంటిపిల్లల డబ్బా ఆహారం కలిపి పెట్టొద్దు. అందులో పాలు, చక్కెర ఉంటాయి. పాలలోని చక్కెర పక్షులకు అరగదు.

నేల మీద విందు

గుర్తుపెట్టుకోమన్న ముక్క ఇక్కడ పనికొస్తుంది. నేల మీద ఏరుకుని తినే జాతి కాబట్టి, పంజరంలో ఎత్తున తగిలించిన గిన్నె పిల్లకు కొత్తగా ఉంటుంది, అందులో మేత ఉందనే తట్టదు. పంజరం అడుగున శుభ్రమైన తెల్లకాగితం పరిచి, గుప్పెడు గింజలు చల్లండి. అంచు తక్కువగా ఉన్న పళ్లెంలో ఇంకొన్ని పెట్టండి. కూర్చునే కర్ర కూడా కిందికే ఉండాలి. మరో పళ్లెంలో లోతు లేకుండా నీళ్లు పెట్టండి.

మొదటి మేతగా కొర్ర కంకిని మించింది లేదు. పక్షుల దుకాణాల్లో 'మిల్లెట్ స్ప్రే' పేరుతో అమ్మేది చాలావరకు మన కొర్ర కంకే. గింజ చిన్నది, మెత్తనిది, పొట్టు సులువుగా ఊడుతుంది. పైగా కంకి ఊగుతుంటే పిల్లకు ఆటలా ఉంటుంది. తర్వాత కొర్రలు, సామలు, సజ్జలు విడిగా చల్లొచ్చు. రాత్రి నానబెట్టి, కడిగి, మొలక వచ్చీ రాగానే పెడితే ఇంకా ఇష్టంగా తింటాయి. పెసల మొలకలు, ఉప్పు వేయని మెత్తటి అన్నం, ఉడికించిన మొక్కజొన్న, చిలగడదుంప, తురిమిన క్యారెట్, ఉడికిన గుడ్డు పొడి, కొత్తిమీర, లేత మునగాకు... రోజుకొకటి రుచి చూపించండి. పెల్లెట్లు అలవాటు చేయాలనుకుంటే గోరువెచ్చని నీళ్లలో మెత్తబరిచి ఇప్పుడే మొదలుపెట్టండి. పిల్లప్పుడు రుచి చూడనిదాన్ని పెద్దయ్యాక ముట్టుకోవడం కష్టం. పొద్దుతిరుగుడు గింజలు మాత్రం బాగా తగ్గించాలి. వాటిలో కొవ్వెక్కువ, ఆ రుచి మరిగితే ఇంకోటి తినదు.

అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, యాపిల్ గింజలు, ఉప్పూకారం తగిలిన మన వంటకాలు ససేమిరా వద్దు. మెత్తటి మేత ఏదైనా రెండు గంటలు దాటితే తీసేయాలి. మన ఎండాకాలంలో అయితే గంటకే. మొలకలు ఏమాత్రం వాసన వచ్చినా పారేయండి.

ఇంకో చిట్కా. ఈ పక్షులు గుంపుగా తింటాయి, పక్కదాన్ని చూసి నేర్చుకుంటాయి. ఇంట్లో తినడం వచ్చిన ఆరోగ్యమైన పక్షి ఉంటే దాన్ని పక్క పంజరంలో పిల్లకు కనబడేలా ఉంచండి. లేకపోతే మీరే గురువు. వేలి కొసతో గింజల మీద టకటకా పొడవండి, ముక్కుతో ఏరుకున్నట్టు. పిల్ల వచ్చి తొంగి చూస్తుంది, తనూ పొడుస్తుంది. ఈ పని పిల్లలకు అప్పగిస్తే సెలవురోజు ఇట్టే గడిచిపోతుంది.

పొట్టు చేసే మోసం

గింజల గిన్నె నిండుగా ఉంది, పక్షి మాత్రం చిక్కిపోతోంది. ఎలా? కాకటీల్ గింజను ఒలిచి లోపలి పప్పు తిని, పొట్టును అక్కడే వదిలేస్తుంది. పైనుంచి చూస్తే గిన్నె నిండా గింజలే అనిపిస్తుంది. రోజూ ఒకసారి 'ఉఫ్' అని ఊదండి. పొట్టు ఎగిరిపోతే కింద మిగిలిందే అసలు మేత.

దీనికి తిరగబడ్డ మోసం ఇంకోటుంది. పిల్ల కంకి పట్టుకుని గంటసేపు కొరుకుతుంది, గింజలన్నీ కింద రాలుస్తుంది. 'ఎంత బాగా తింటోందో' అనుకుంటాం. తీరా చూస్తే ఒక్క గింజా లోపలికి వెళ్లి ఉండదు. మొదట్లో ఇదంతా ఆటే. తిన్నదో లేదో తెలియాలంటే రాత్రి మేతకు ముందు మెడ కిందున్న సంచిని వేలితో మెల్లగా తాకి చూడండి. లోపల గింజలు గరగరలాడుతూ తగలాలి. రెట్ట కూడా చెబుతుంది. గింజలు తింటున్న పిల్ల రెట్ట చిన్నగా, గట్టిగా, తెల్లటి చారతో ఉంటుంది. పచ్చగా, నల్లగా, కొద్దికొద్దిగా పడుతుంటే కడుపులో ఏమీ లేదని.

రోజూ తూకం

కంటికి ఈకలే కనిపిస్తాయి, వాటి కింద ఎముకలు తేలినా తెలియదు. అందుకే ఒక్క గ్రాము తేడా కూడా చూపించే వంటింటి డిజిటల్ కాటా ఒకటి కావాలి. పొద్దున్నే, మొదటి మేతకు ముందు, మేత సంచి ఖాళీగా ఉన్నప్పుడు తూచి క్యాలెండరు మీద రాసిపెట్టండి. ఎగిరే ముందు ఉన్న గరిష్ఠ బరువులో పది శాతం దాకా తగ్గడం మామూలే. 95 గ్రాములున్న పిల్ల 85కు దిగితే భయం లేదు. 80కి చేరుతోందంటే మాత్రం మానేసిన మేత మళ్లీ మొదలుపెట్టాలి. రొమ్ము ఎముకను తాకితే కత్తి అంచులా తగిలినా అంతే.

ఆకలా, గారామా?

సంచి నిండా గింజలున్నా కొన్ని పిల్లలు సాయంత్రమయ్యేసరికి మెడ ఊపుతూ అడుగుతాయి. అది ఆకలి కాదు, గారాబం. అప్పుడు రెండు మూడు మిల్లీలీటర్ల ఫార్ములా చెంచాతో పెడితే తృప్తిపడి నిద్రపోతుంది. పాడైపోతుందేమోనని భయపడక్కర్లేదు. అడిగితే దొరుకుతుందన్న ధీమా ఉన్న పిల్లే త్వరగా మానేస్తుందని పెంపకందారుల అనుభవం.

కొనేవాళ్లకో మాట

'చేత్తో మీరే పెడితే మీకే మచ్చికవుతుంది' అంటూ తినడం రాని పిల్లను, ఒక సిరంజిని కలిపి అంటగట్టే వ్యాపారులున్నారు. నమ్మొద్దు. ఇంకో నాలుగు వారాల చాకిరీ వాళ్లకు తప్పుతుంది, ప్రమాదం పిల్లకు మిగులుతుంది. అలవాటు లేని చేతిలో సిరంజి కాస్త పక్కకు జారినా మేత ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సొంతంగా తినే పిల్లను తెచ్చుకుని రోజూ గంటసేపు దగ్గరుండి ఆడిస్తే అదీ అంతే మచ్చికవుతుంది. కొనేముందు ఒకటే అడగండి: 'ఇది గింజ ఒలుచుకుని తినడం నా కళ్లతో చూడాలి.'

డాక్టరు దగ్గరకు

తెల్లారినా మేత సంచి ఖాళీ కాకపోవడం, కక్కడం, ముక్కులోంచి ఫార్ములా రావడం, ఊపిరిలో టిక్కుటిక్కుమనే చప్పుడు, ఈకలు ఉబ్బించుకుని రోజంతా మునగదీసుకోవడం, మూడు రోజులు వరసగా బరువు పడిపోవడం... వీటిలో ఏది కనిపించినా ఆ రోజే చూపించాలి. పక్షులను చూసే డాక్టర్లు ప్రతి ఊళ్లో దొరకరు. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతిల్లో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడో, మీ దగ్గర్లోనో పక్షులను ఎవరు చూస్తారో పిల్లను తెచ్చుకోకముందే కనుక్కుని పెట్టుకోండి.

ఇంతా చేశాక ఒక సాయంత్రం సిరంజి చూపిస్తే పిల్ల మొహం తిప్పుకుని కంకి మీదకు పోతుంది. వారం పాటు అలాగే చేసి, తూకం కూడా నిలకడగా ఉంటే దాని చదువు పూర్తయినట్టే. సిరంజి కడిగి అలమరలో పెట్టేయండి. పారేయొద్దు. ఇల్లు మారినా, కొత్తచోటికి వెళ్లినా బెంగపెట్టుకుని ఈ పిల్లలు మళ్లీ నోరు తెరుస్తాయి. అప్పుడు 'ఇంత పెద్దదానివయ్యావు' అని కసరకుండా, నాలుగు రోజులు మళ్లీ పెట్టండి.