ఫొటోకెక్కని పళ్లేలనూ లెక్కించండి

ఊళ్లో ఏది చేతికందితే, ఏది చవగ్గా దొరికితే అదే కడుపులోకి పోతుంది. అందుకే జనం ఆరోగ్యం గురించి ఆలోచించేవాళ్లు చుట్టుపక్కల ఏ తిండి దొరుకుతోందో కొలవాలనుకుంటారు. ఆ కొలతకు ఇప్పుడు సోషల్ మీడియాను వాడుతున్నారు. అమెరికాలో జార్జియా టెక్ పరిశోధకులు సుమారు ముప్ఫై లక్షల ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు పరిశీలించి 2016లో ఒక అధ్యయనం వెలువరించారు. తాజా సరుకు దొరకని పేటల నుంచి వచ్చిన పోస్టుల్లోని తిండిలో కొవ్వు, కొలెస్ట్రాల్, చక్కెర 5 నుంచి 17 శాతం ఎక్కువని తేల్చారు. మంచి పనే. కానీ ఇదే పద్ధతిని తమిళనాడులోని మా ధర్మపురి జిల్లాకు తెచ్చి, దాన్నే నమ్మి పథకాలు రాస్తే మా పాపిరెడ్డిపట్టి లెక్కలోంచి జారిపోతుంది. ఇక్కడ కిరాణా అంగడి నడుపుతున్నదాన్ని. రోజూ చూసేదే చెబుతున్నాను.

పొద్దున్నే పాలు, టీపొడి, పావుకిలో చక్కెర అడుగుతారు. బడి వదిలే వేళకు గుమ్మానికి వేలాడే ఐదు రూపాయల చిప్స్ సరాలు చకచకా తెగుతాయి. సిత్తేరి కొండల నుంచి దిగివచ్చినవాళ్లు ఉప్పు, నూనె, ఎండుమిర్చి కొని, మిగిలిన చిల్లరతో పిల్లలకు బిస్కెట్లు పట్టుకెళతారు. రాగి సంగటి ముద్దకు, రేషన్ బియ్యం అన్నానికి, నీళ్ల చారుకు ఎవరూ ఫొటో తీసి పెట్టరు. బిరియానీకి, పుట్టినరోజు కేకుకు తీస్తారు. ఏడాదికి నాలుగుసార్లు తినేది పదిమందికీ కనబడుతుంది, రోజూ తినేది కనబడదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు 33 శాతం, మగవాళ్లు 57 శాతం. అదే సర్వేలో 57 శాతం ఆడవాళ్లకు రక్తహీనత ఉందని తేలింది. అప్పటికీ ఇప్పటికీ ఫోన్లు పెరిగాయి, నిజమే. నా అంగడికి వచ్చే ఆడవాళ్ల చేతుల్లోనూ ఉన్నాయి. వాళ్లు వంటల వీడియోలు చూస్తారు గానీ తమ వంట పెట్టరు. అందరికీ వడ్డించి, అడుగున మిగిలింది తినే మనిషి పళ్లెం ఏ పోస్టులో దొరుకుతుంది?

2023లో తమిళనాడు ప్రభుత్వం మా జిల్లాలోనూ, నీలగిరిలోనూ రేషన్‌లో 2 కిలోల బియ్యానికి బదులు 2 కిలోల రాగులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ రాగులు సంగటి అయ్యాయా, పిల్లల జావ అయ్యాయా, కోళ్లకు పోయాయా? ఇంటికెళ్లి అడిగితేనే తెలుస్తుంది.

సోషల్ మీడియా పనికిరాదని నేననడం లేదు. ప్రమాదాన్ని త్వరగా పట్టించడంలో దానికి సాటి లేదు. న్యూయార్క్ ఆరోగ్య శాఖ 2012–13లో యెల్ప్ అనే సైట్‌లో జనం రాసిన హోటళ్ల సమీక్షలు జల్లెడ పట్టింది. తిండి వికటించిందని రాసినవాటిలో 3 శాతమే అంతకుముందు ప్రభుత్వ ఫిర్యాదుల నంబరుకు చేరాయట. తెలంగాణ ఆహార భద్రతా విభాగం 2024లో హోటళ్ల తనిఖీల్లో బయటపడ్డవాటిని ఫొటోలతో ఎక్స్‌లో పెట్టడం మొదలుపెడితే, వంటగది లోపల ఏముందో తినేవాళ్లకు తెలిసింది. పిల్లల ఫోన్లలోకి తిండి ప్రకటనలు ఎన్ని వస్తున్నాయో లెక్కించడానికీ ఇదే దారి. రీల్‌లో చూసిన ప్యాకెట్ కోసం పేరు పెట్టి అడిగే పిల్లలు నాకు రోజూ కనబడతారు.

రోజువారీ తిండి లెక్క మాత్రం మనుషులే తీయాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో 1972లో మొదలైన పోషకాహార పర్యవేక్షణ బ్యూరో ఇంటింటికీ వెళ్లి ఆ పని చేసింది. అది 2015లో ఆగిపోయింది. మా పొరుగు కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో 2021 ఆగస్టు 5న మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం కింద బీపీ, షుగర్ మందులు ఇంటికే వస్తున్నాయి. ఆ మందులు తెచ్చిచ్చే ఆడవాళ్లు ఇంటివాళ్లను నిన్న ఏం తిన్నారు, ఎక్కడ కొన్నారు, ఎంత పెట్టారు, ఇంట్లో చివరన తిన్నది ఎవరు అని కూడా అడిగి రాసుకోవాలి. ఆ అదనపు పనికి అదనపు జీతం ఇవ్వాలి. ఆ వివరాలను మా పంచాయతీలోనే అందరికీ కనబడేలా పెట్టాలి. పరిశోధకులు తమ పోస్టుల లెక్కను ఆ లెక్కతో సరిచూసుకున్నాకే మా ఊరికి ఏం కావాలో ప్రభుత్వానికి చెప్పాలి.