మా లెక్కకు ఉత్తరం రాసేదెవరు?

మాది దివిసీమలో ఒక మాలపల్లె. మా ఇంట్లో డిగ్రీ మెట్టెక్కింది నేనే మొదలు. గుడివాడలో లెక్కలు చదివేటప్పుడు ఎం.టి.టి.ఎస్. గురించి విన్నాను. 1993లో ఎస్. కుమరేశన్ గారు మొదలుపెట్టిన నాలుగు వారాల వేసవి శిబిరం. అక్కడ పాఠం వల్లె వేయించరు. ప్రశ్న వేస్తారు, పిల్లలే కలిసి జవాబు వెతుక్కోవాలి. పరిశోధనకి మొదటి గుమ్మం అది.

సిఫారసు ఉత్తరం కోసం మా సారు దగ్గరికెళ్లాను. "బీఈడీ చేసుకోక నీకెందుకురా ఇవన్నీ?" అన్నాడు. సంతకం పడలేదు. ఆ వేసవి కాలవలో పూడిక తీశాను. సంతకం పడినా, నా నెల కూలి పోతే ఇల్లు గడిచేదా?

కలిసి ఆలోచించడం మాకొకరు నేర్పాలా? నాట్ల ముఠాలో ఎన్నెకరాలు, ఎంతమంది, తలా ఎంతన్నది మా అమ్మ నోటితోనే తేల్చేది. పైసా తేడా వచ్చేది కాదు. అది లెక్క కాదా?

తలుపు అందరికీ తెరిచే ఉందంటారు. తలుపుదాకా దారి ఎవరి చేతిలో ఉందో చెప్పరు. రైలు చార్జీ చాలదు, పోయిన కూలి కూడా ఇవ్వండి. ఉత్తరం కాదు, పిల్ల చేసిన లెక్క చూడండి.

ఇప్పుడు బందరులో సర్కారు బడిపంతుల్ని. మా పిల్లలకి ఉత్తరం నేను రాస్తా. చెల్లదంటే, ఎందుకు చెల్లదో కాయితమ్మీద రాసివ్వండి.