సంతకానికి ముందు సవారీ

పశువుల సంతలో ఎద్దుల జతను బేరమాడే రైతు ఏమి చేస్తాడో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, గిట్టలు తడిమి చూస్తాడు. అంతటితో ఆగక కాడి కట్టించి, బండికి పూన్పించి, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. పాడి గేదెను కొనేవారు రెండు పూటలు తమ కళ్లెదుట పాలు పితికించి, కొలిపించి చూసుకున్న తరువాతనే సొమ్ము చెల్లిస్తారు. తరతరాలుగా వస్తున్న ఈ జాగ్రత్తను ఎవరూ మనకు బడిలో నేర్పలేదు. అయితే అదే కుటుంబం లక్షన్నర రూపాయలకు పైబడిన మోటారు సైకిలును కొనే రోజున మాత్రం రంగు చూసి, షోరూము ముందర పది గజాలు కదిలించి, రుణపత్రాల మీద సంతకం చేసి వస్తున్నది. ఈ వైపరీత్యాన్ని గురించి రుణగ్రహీతలతోను, డీలర్లతోను నాలుగు మాటలు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ ప్రస్తావిస్తున్నది 150 నుండి 250 సి.సి. వరకు ఉండే చిన్న స్పోర్ట్స్ మోటారు సైకిళ్ల సంగతి. వీటిపై మోజు కొత్తది కాదు. 1985లో వచ్చి 1996 వరకు తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 కోసం మన పల్లెల యువకులు ఎంతగా తహతహలాడారో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆ తరువాత 1999లో హీరో హోండా సిబిజెడ్, 2001లో బజాజ్ పల్సర్, 2003లో కరిజ్మా వచ్చాయి. 2008లో యమహా ఆర్15 రాకతో ముందు భాగమంతా తొడుగు కప్పిన, నీటితో చల్లబడే ఇంజను గల, ఆరు గేర్ల బండి సామాన్య కుటుంబాల చూపులకు అందుబాటులోకి వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వరకు గల మోటారు సైకిళ్లపై జి.ఎస్.టి. 28 శాతం నుండి 18 శాతానికి తగ్గడంతో ఈ కోరిక ఇంకాస్త దగ్గరైంది. యువకుని కోరికను తప్పుపట్టడం నా అభిమతం కాదు. కష్టపడి సంపాదించే చేతికి నచ్చిన వస్తువును కొనుక్కునే హక్కు ఉన్నది. ఆ కోరికకు మూడేళ్ల వాయిదాలను ముడివేసే ముందు, బండిని మీ దారిలో, మీ బరువుతో, తగినంత సేపు నడిపి చూడండి అన్నదే నా విన్నపం.

ఎందుకని ఇంతగా చెప్పవలసి వస్తున్నది? మీకు అలవాటైన బండి వేరు, ఈ బండి వేరు. హీరో స్ప్లెండర్ ప్లస్ బరువు సుమారు 112 కిలోలు. సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. ఆర్15 బరువు సుమారు 140 కిలోలు; సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు. కాగితం మీద మూడు సెంటీమీటర్ల తేడా చిన్నదిగానే కనబడుతుంది. పొట్టివాడైన మనిషి వానకు జారే గట్టు పక్కన బండిని ఆపి, ఒక్క కాలి మునివేళ్ల మీద దానిని నిలబెట్టవలసి వచ్చినప్పుడు ఆ తేడా ఎంతటిదో తెలుస్తుంది. స్పోర్ట్స్ బండిలో హ్యాండిలు కిందికి ఉంటుంది, కాళ్లు పెట్టుకునే కమ్మీలు వెనకకు ఉంటాయి. మనిషి ముందుకు వంగి కూర్చుంటాడు గనుక ఒంటి బరువులో కొంత మణికట్ల మీద పడుతుంది. మంచి రోడ్డు మీద వేగంగా పోయేవారికి ఈ భంగిమ అనుకూలం. పగలంతా పొలంలో పని చేసి, గుంతల దారిలో మెల్లగా ఇంటికి వచ్చేవారి నడుముకు, మణికట్లకు అది ఎలా ఉంటుందో షోరూములోని నేల మీద నిలబెట్టిన బండి చెప్పజాలదు.

గేర్ల సంగతి మరీ ముఖ్యం. స్ప్లెండర్ వంటి 100 సి.సి. బండిలో నాలుగు గేర్లూ ముందరి పెడలును కిందికి తొక్కితే పడతాయి. స్పోర్ట్స్ బండిలో మొదటి గేరు కిందికి, మిగిలిన ఐదు బొటనవేలితో పైకి ఎత్తితే పడతాయి. పదేళ్ల అలవాటున్న కాలు వేగంగా పోతున్నప్పుడు తెలియకుండానే పెడలును కిందికి తొక్కుతుంది. పై గేరు పడవలసిన చోట కింది గేరు పడుతుంది. ఇంజను ఒక్కసారిగా అరిచి, బండి ఉలిక్కిపడినట్లు వెనకకు లాగుతుంది. ఈ పొరపాటు ట్రయల్‌లో ఖాళీ రోడ్డు మీద జరిగితే పాఠం అవుతుంది. కొన్న మరునాడు లారీల రహదారి మీద జరిగితే ప్రమాదం అవుతుంది.

ఇక శక్తి మాట. ఆర్15 ఇంజను గరిష్ఠంగా 18.4 పి.ఎస్. శక్తి ఇస్తుంది, స్ప్లెండర్ ఇచ్చేది సుమారు 8 పి.ఎస్. రెట్టింపుకు మించిన ఈ శక్తిని చూసి, బరువులు మరింత సులువుగా లాగుతుందని అనుకోవడం సహజం. అయితే ఆ 18.4 పి.ఎస్. లభించేది ఇంజను నిమిషానికి 10,000 చుట్లు తిరిగేటప్పుడు. లాగుడు బలం గరిష్ఠ స్థాయికి చేరేది 7,500 చుట్ల వద్ద. స్ప్లెండరులో అది 6,000 చుట్ల వద్దనే లభిస్తుంది. నల్లరేగడి డొంకలో, ఇద్దరు మనుషులతో నడక వేగంతో పోయేటప్పుడు స్పోర్ట్స్ బండిని నడపాలంటే క్లచ్‌ను మాటిమాటికి పట్టి వదలవలసి వస్తుంది. క్లచ్ ప్లేట్ల ఆయుష్షు, మీ ఎడమ చేతి ఓపిక, పెట్రోలు ఖర్చు మూడూ దీనిపై ఆధారపడి ఉంటాయి. పాల క్యాన్లు కట్టుకోవడానికి గాని, ఎరువు బస్తా వేసుకోవడానికి గాని ఈ బండి ఆకారం అనువైనది కాదన్నది చూడగానే తెలిసేదే. ఇంట్లో ఆ పనులకు మరో బండి ఉన్నదా అని ముందుగా ప్రశ్నించుకోండి.

వెనుక సీటు మాట చాలామంది మరచిపోతారు. ఈ బండ్లలో వెనుక సీటు విడిగా, ఎత్తుగా, ఇరుకుగా ఉంటుంది. మీ తల్లిగారో, భార్యో చీర కట్టుతో ఒక పక్కకు తిరిగి కూర్చుని ఆసుపత్రికి, పెళ్లికి, సంతకు ప్రయాణం చేయవలసిన ఇల్లు అయితే, ట్రయల్ నాడు వారిని కూడా వెంట తీసుకుని వెళ్లండి. వెనుక కూర్చునేవారు పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఆధారం, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనుక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 123వ నిబంధన నిర్దేశిస్తున్నది. అందం చెడుతుందని వాటిని తీసివేయించే యువకులున్నారు. అలా తీసివేయించకండి, లేకుండా బండి ఇస్తామంటే అంగీకరించకండి.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. లక్షన్నర రూపాయల రుణం, ఏడాదికి 12 శాతం వడ్డీ, తగ్గుతున్న అసలుపై లెక్క, 36 నెలల గడువు అనుకోండి. నెలసరి వాయిదా సుమారు 4,982 రూపాయలు. మూడేళ్లలో వడ్డీగా చెల్లించేది సుమారు 29,350 రూపాయలు. అదే 12 శాతాన్ని మొదటి అసలు మొత్తంపై మూడేళ్లకూ ఒకే విధంగా లెక్కకడితే వడ్డీ 54,000 రూపాయలు, వాయిదా సుమారు 5,667 రూపాయలు అవుతుంది. కనుక శాతం ఒక్కటే అడగక, ఏ పద్ధతిలో లెక్కిస్తున్నారో అడగాలి. 2024 అక్టోబరు 1 నుండి రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం ఇటువంటి రుణాలకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వవలసి ఉన్నది. అన్ని ఖర్చులు కలిపిన వార్షిక రేటు అందులో ఉంటుంది. దానిని చదివించుకుని, అర్థం చేసుకున్న తరువాతనే సంతకం చేయండి.

ఈ లెక్కకు, ట్రయల్‌కు సంబంధమేమని మీరు అడగవచ్చు. నడుము నొప్పి అనో, వెనుక సీటుపై ఎవరూ ఎక్కడం లేదనో బండి కొట్టంలో పడి ఉన్నా, వాయిదా మాత్రం ప్రతి నెలా వస్తుంది. పంట సొమ్ము ఏడాదికి ఒకటి రెండుసార్లు చేతికందే ఇంట్లో నెలనెలా అయిదు వేలు తీయడమే కష్టం. వాడని వస్తువుకు తీయడం మరీ కష్టం. పోనీ అమ్మివేద్దామంటే, ఆర్.సి.లో బ్యాంకు పేర హైపోథికేషన్ నమోదై ఉంటుంది. బాకీ తీర్చి, ఫారం 35 ద్వారా దానిని రద్దు చేయించితే తప్ప మరొకరి పేరున మార్చడం సాధారణంగా కుదరదు. ఆనాటికి బండికి వచ్చే వెల మిగిలిన బాకీకి సరిపోకపోవచ్చును కూడా. వాయిదాలు తప్పిన రుణగ్రహీతకు రేపు పంట రుణం కావలసి వచ్చినప్పుడు ఈ పాత ఖాతా అడ్డు నిలుస్తుంది. గంటసేపు ట్రయల్‌ను నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఇదే.

ట్రయల్ ఎలా చూడాలి? ముందుగా మీ లైసెన్సును పరిశీలించండి. గేరు లేని స్కూటరుకు మాత్రమే ఇచ్చిన లైసెన్సు దీనికి చెల్లదు. పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఈ బండి నడిపే అర్హత లేదు. హెల్మెట్ ధరించండి. డీలరు ఇచ్చే బండికి రిజిస్ట్రేషన్ గాని, ట్రేడ్ సర్టిఫికెట్ గాని, బీమా గాని ఉన్నదో లేదో అడగడానికి మొహమాటపడకండి. మొదటి రెండింటిలో ఒకటి, వాటితో పాటు బీమా తప్పక ఉండాలి.

మొదట ఇంజను ఆపి, బండిని వెనకకు నెట్టి, స్టాండు వేసి తీసి చూడండి. తరువాత ఖాళీ స్థలంలో చిన్న వలయంగా తిప్పండి. హ్యాండిలు ఎంతవరకు తిరుగుతుందో, ఇరుకు సందులో మళ్లించగలరో లేదో తెలుస్తుంది. ఒంటరిగా కొంత దూరం పోయి గేర్లకు కాలిని అలవాటు చేసుకోండి. పొడిగా, నిటారుగా, ఖాళీగా ఉన్న తారురోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగానికి మించకుండా రెండు బ్రేకులూ కలిపి వేసి చూడండి. 125 సి.సి. పైబడిన బండ్లకు కొత్త మోడళ్లలో 2018 ఏప్రిల్ నుండి, అన్నింటికీ 2019 ఏప్రిల్ నుండి ఎ.బి.ఎస్. తప్పనిసరి అయింది. గట్టిగా పట్టినప్పుడు బ్రేకు పిడి చేతికింద అదిరితే భయపడనక్కరలేదు. అది ఆ ఏర్పాటు పని చేస్తున్న గుర్తు. అటు తరువాత వెనుక మనిషిని ఎక్కించుకుని, స్పీడు బ్రేకర్లున్న దారిలో, వీలైతే మీ ఊరి రోడ్డు మీద కనీసం అరగంట నడపండి. ఇంటికి వచ్చి ఆ రోజే నిర్ణయం చెప్పకండి. మరునాడు ఉదయం మణికట్లు, మెడ, నడుము ఏమంటున్నాయో వినండి. సర్వీసు కేంద్రం ఎంత దూరంలో ఉన్నదో, పక్క తొడుగు పగిలితే మార్చడానికి ఎంతవుతుందో ఈ లోగా విచారించండి.

డీలరు మిత్రులకు ఒక మాట. ట్రయల్‌కు బండి ఇస్తే పడవేస్తారని, పెట్రోలు ఖర్చని, సరదాకు వచ్చేవారే ఎక్కువని మీరంటారు. ఇవి కొట్టిపారేయదగిన అభ్యంతరాలు కావు. లైసెన్సు నకలు తీసుకోండి, దారిని ముందే నిర్ణయించండి, మీ మనిషిని మరో బండి మీద వెంట పంపండి, పెట్రోలుకు కొద్ది రుసుము తీసుకుని కొన్నవారికి తగ్గించండి. మైనరుకు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు నేరం చేస్తే బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. నడిపి చూసి కొన్న ఖాతాదారుడు మూడేళ్లపాటు మీ సర్వీసుకు వస్తాడు, తన బంధువులను వెంటబెట్టుకుని వస్తాడు. చూడకుండా కొని నొచ్చుకున్నవాడు ఊరంతటికీ మీ పేరు చెబుతాడు.

బ్యాంకు శాఖలు సైతం తమ వంతు చేయవచ్చును. ఆదాయం, పొలం, పాత బాకీలు విచారించే అధికారి, ‘మీరు ఈ బండిని మీ దారిలో నడిపి చూశారా? ఇంట్లో వెనుక కూర్చునేవారు కూర్చుని చూశారా?’ అని మరొక ప్రశ్న వేస్తే చాలు. లేదన్నవారికి రుణం నిరాకరించనక్కరలేదు. రెండు రోజుల తరువాత రమ్మంటే సరిపోతుంది.

నడిపి చూసిన తరువాత కూడా మీ మనసు అదే బండి మీద నిలిస్తే, కుటుంబం అంగీకరిస్తే, వాయిదా మీ ఆదాయానికి లోబడి ఉంటే నిస్సంకోచంగా కొనండి, హెల్మెట్ పెట్టుకుని హాయిగా తిరగండి. మనసు మారితే అందులో చిన్నతనమేమీ లేదు. అడ్వాన్సు ఇచ్చిన కారణంగా మాత్రం నచ్చని బండిని తీసుకోకండి. అందుకే ట్రయల్ చూసే వరకు అడ్వాన్సు ఇవ్వకండి, ఇవ్వక తప్పకపోతే తిరిగి ఇచ్చే షరతును రసీదు మీద రాయించుకోండి.