హాల్టు అడిగిన నోటితోనే టెస్టింగు కాగితం కూడా అడుగుదాం

కాస్త పెద్ద పోస్టే. తీరిక చూసుకుని చదవండి, చదివాకే తిట్టండి.

పోయిన ఆదివారం మీటింగులో రైల్వేకి ఇవ్వబోయే వినతిపత్రం చదివారు కదా. ఒక బండికి బరంపురంలో హాల్టు, సంక్రాంతికి స్పెషల్ బళ్లు, స్టేషన్‌లో తెలుగు అనౌన్స్‌మెంటు, ముసలివాళ్లకి లిఫ్టు. అన్నీ న్యాయమైనవే, కాదనం. మేము ముగ్గురం నలుగురం లేచి అయిదోది ఒకటి కలపమన్నాం. మన లైన్లో సిగ్నల్ పని జరిగాక టెస్టింగు ఎవరు చేశారు, ఎంతసేపు చేశారు అన్నది జనానికి చెప్పాలని. "అది ఇంజనీర్ల గొడవ బాబూ, మనది సాంస్కృతిక సంఘం" అని నవ్వేశారు. మేము నవ్వలేకపోయాం.

2023 జూన్ 2 సాయంత్రం 6.55 అప్పుడే ఎవరు మరిచిపోయారు? బహనగా బజార్ స్టేషన్. కోరమాండల్‌కి మెయిన్ లైన్ మీద ఆకుపచ్చ సిగ్నలు. డ్రైవరు సిగ్నలు చూసి, ఇచ్చిన స్పీడుకి లోబడే, గంటకి 128 కిలోమీటర్ల దగ్గర వస్తున్నాడు. పాయింటు మాత్రం లూప్ లైనుకి తిరిగి ఉంది. లూప్‌లో ఇనుపరాయి నిండిన గూడ్సు నిలబడి ఉంది. గుద్దుకుని పక్క లైను మీదకి ఒరిగిన పెట్టెలు బెంగళూరు నుంచి హౌరా వెళ్తున్న బండి చివరి పెట్టెలకి తగిలాయి. 290 మందికి పైగా పోయారు. అక్కడి హైస్కూల్లో శవాలు వరసగా పెట్టారు. ఎవరూ రాని 28 శవాలకి అక్టోబరులో, నాలుగు నెలల తర్వాత, భువనేశ్వర్‌లో దహనం చేశారు. ఆ నాలుగు రోజులూ మన వీధుల్లో ఫోన్లు ఎలా మోగాయో మనకి తెలుసు. మద్రాసు పనికైనా, వైజాగు ఆసుపత్రికైనా మనం ఎక్కే బండే అది.

కారణం ఏమిటి? మొదటి వారం కుట్ర అన్నారు, వాట్సాపుల్లో ఏవేవో మతాల పేర్లు తిప్పారు. మన గ్రూపులోనూ తిప్పారు, ఎవరన్నది ఇప్పుడు అనవసరం. జులై 21న రాజ్యసభలో రైల్వే మంత్రి ఇచ్చిన లిఖిత జవాబులో సేఫ్టీ కమిషనర్ తేల్చిన మాట ఉంది. ఉత్తరం వైపు సిగ్నల్ గూమ్టీలో గతంలో చేసిన సర్క్యూట్ మార్పులో లోపం, 94వ నంబరు గేటుకి కొత్త ఎలక్ట్రిక్ బారియర్ బిగించేటప్పుడు చేసిన సిగ్నల్ పనిలో లోపం. అంతే. మతమూ లేదు, కుట్రా లేదు. తీగలు, పేర్లు సరిగా రాయని టెర్మినళ్లు, నేల మీద పనితో సరిపోలని డ్రాయింగులు.

ఇక్కడే చాలామందికి అనుమానం వస్తుంది, కంప్యూటరు ఇంటర్‌లాకింగ్ ఉండగా ఇలా ఎలా జరిగిందని. మన సంఘంలో సిగ్నల్ మెయింటైనరుగా రిటైరైన ఒక మావయ్యగారు ఉన్నారు. మా అందరినీ కూర్చోబెట్టి అగ్గిపుల్లలు పేర్చి చెప్పారు. కంప్యూటరు తనంతట తాను పట్టా చూడదు. పాయింటు ఎటు తిరిగిందో తీగల మీద వచ్చే కబురు వింటుంది. ఆ తీగలు లొకేషన్ బాక్సుల్లో, గూమ్టీల్లో మనుషులు చేత్తో కలిపినవి. అక్కడ కబురు తారుమారైతే, లూప్‌కి తిరిగిన పాయింటుని "మెయిన్‌కే ఉంది" అని కంప్యూటరు నమ్మేస్తుంది. నమ్మి ఆకుపచ్చ వేస్తుంది. లక్నోలో ఆర్డీఎస్‌వో వాళ్లు పరికరాన్ని ఎంత గట్టిగా పరీక్షించినా ఆ పరీక్ష పెట్టెకే. పెట్టెలోకి వచ్చే తీగకి స్టేషన్ దగ్గర, పని జరిగిన రోజున, మళ్లీ పరీక్ష కావాలి.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో కూడా ఆయనే చెప్పారు. పని మొదలుపెట్టే ముందు స్టేషన్ మాస్టరుకి డిస్‌కనెక్షన్ మెమో ఇస్తారు. పని అయ్యాక ఒకడు ప్యానెల్ దగ్గర, ఒకడు పాయింటు దగ్గర నిలబడతారు. ఫోన్‌లో ఒకరికొకరు చెప్పుకుంటూ పాయింటు అటూ ఇటూ తిప్పుతారు. ప్యానెల్ చూపించేది, నేల మీద ఉన్నది ఒకటేనా? తర్వాత కావాలనే చెడగొట్టి చూస్తారు. పాయింటు సరిగా మూసుకోకుండా అడ్డం పెడితే సిగ్నలు ఎరుపుకి పడుతోందా? ప్రతి పాయింటుకీ, ప్రతి సిగ్నలుకీ ఇలాగే. అన్నీ సరిపోయాకే రీకనెక్షన్. దీనికి టైము కావాలి. టైము కావాలంటే బళ్లు ఆపాలి. బళ్లు ఆపితే పైనుంచి ఫోను. "ఎంతసేపయ్యా ఇంకా?" అని. ఆ ఫోను ఎవరు చేశారో ఏ రిజిస్టరులోనూ ఉండదు, సంతకం పెట్టినవాడి పేరు మాత్రం ఉంటుంది.

అదే జరిగింది. 2023 జులై 7న సీబీఐ ముగ్గురిని అరెస్టు చేసింది. ఇద్దరు ఇంజనీర్లు, ఒక టెక్నీషియన్. వాళ్ల తప్పెంతో కోర్టు తేలుస్తుంది, మేము వాళ్ల తరఫు వకీళ్లం కాము. మా గొడవ "ముగ్గురూ దొరికారు కదా, ఇంకేం" అనేవాళ్లతోనే. ఎందుకంటే ఇది మొదటిసారి కాదు. 2022 మే 16న అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లో, బాంక్రా నయాబాజ్ స్టేషన్ దగ్గర, సిగ్నలు చూపిన దారి ఒకటి, బండి వెళ్లిన దారి ఒకటి. కారణం తప్పు వైరింగు, కేబుల్ లోపం. అప్పుడే సరిదిద్దుకుని ఉంటే బహనగా జరిగేది కాదని కమిషనరే రాశారు. 2023 ఫిబ్రవరి 8న కర్ణాటకలో హొసదుర్గ రోడ్ దగ్గర సంపర్క్ క్రాంతి తప్పు లైనులోకి పోబోయింది. డ్రైవరు కళ్లు తెరుచుకుని ఉండబట్టి ఆగింది. మర్నాడే నైరుతి రైల్వే ఆపరేషన్స్ పెద్ద అధికారి ఒకరు, వ్యవస్థలో తీవ్రమైన లోపం ఉంది, వెంటనే సరిచేయండి అని ఉత్తరం రాశారు. నాలుగు నెలలు తిరక్కుండా బహనగా. ఆ ఉత్తరం ఏ ఫైల్లో నిద్రపోయిందో అడిగే హక్కు మనకి లేదా?

"కవచ్ వస్తే అన్నీ పోతాయి" అన్నారు మన కోశాధికారిగారు. కవచ్ మంచిదే, రావాలి. కానీ అది కూడా ఇంటర్‌లాకింగ్ చెప్పిన కబురే వింటుంది. ఇంటర్‌లాకింగ్‌కే అబద్ధం చేరితే కవచ్‌కీ అబద్ధమే. బహనగాలో కవచ్ ఉన్నా ఆగేది కాదని రైల్వే బోర్డు వాళ్లే అన్నారు.

లండన్‌లో క్లాఫమ్ జంక్షన్ దగ్గర 1988 డిసెంబరు 12న 35 మంది చనిపోయారు. అక్కడా కొత్త సిగ్నల్ వైరింగే. తీసేయాల్సిన పాత తీగని ఒక చివర కోయకుండా వదిలేశారు. అది కదిలి పాత చోటుకే తగిలి, ఎర్రగా ఉండాల్సిన సిగ్నలుని మార్చేసింది. ఆ తీగ కలిపిన టెక్నీషియన్ అంతకుముందు 13 వారాల్లో ఒక్క రోజు సెలవు తీసుకున్నాడు. వేరే మనిషి వచ్చి తీగలు లెక్కపెట్టాల్సింది, ఎవరూ లెక్కపెట్టలేదు. విచారణ చేసిన ఆంథొనీ హిడెన్ ఆ ఒక్క మనిషిని తిట్టి ఊరుకోలేదు. పని గంటల గురించి, టెస్టింగు పద్ధతి గురించి 1989లో నివేదిక రాశారు, అది జనమందరూ చదివారు. మన దగ్గర ఇప్పటికీ ప్రమాద నివేదిక కావాలంటే లీకుల కోసం చూడాలి.

కంటకాపల్లి సంగతి కూడా చెప్పాలి, రాయగడలో చుట్టాలున్నవాళ్లు మనలో సగం మంది. 2023 అక్టోబరు 29న విశాఖ–రాయగడ బండి ముందున్న పలాస బండిని గుద్ది 14 మంది పోయారు. అది వైరింగు కథ కాదు, పాడైన ఆటోమేటిక్ సిగ్నళ్లు దాటేటప్పుడు పాటించాల్సిన నియమం తప్పారని ప్రాథమిక విచారణ చెప్పింది. సరే. సిగ్నళ్లు పాడై ఉన్నాయన్నదీ అందులోనే ఉంది కదా. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, చనిపోయిన డ్రైవర్ల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువ.

మన తాతల్లో సగం మంది బెంగాల్ నాగపూర్ రైల్వే కూలికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లే. ఇప్పటికీ మన పిల్లలు గేట్‌మన్‌లు, ట్రాక్‌మన్‌లు, టెక్నీషియన్లు. రేపు బండి పడితే పెట్టెలో ఉండేదీ మనవాడే, రిజిస్టరులో సంతకం దొరికేదీ మనవాడిదే కావచ్చు. ఇది మన సబ్జెక్టు కాకపోతే మరేది?

వినతిపత్రంలో కలపాల్సింది ఇంతే. ఒకటి, గేటు గానీ పాయింటు గానీ మార్చిన పని తర్వాత, ఆ పని చేసిన జట్టు కాకుండా వేరే జట్టు పూర్తి టెస్టింగు చేయాలి, దానికి పట్టే టైముని ముందే బ్లాకులో ఇవ్వాలి. రెండు, ఖుర్దా రోడ్ డివిజన్‌లో మన లైన్ మీది స్టేషన్లలో డ్రాయింగులు నేల మీది వైరింగుతో సరిపోతున్నాయని తేదీతో సహా రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద మేమే అడుగుతాం, పది రూపాయలే కదా. మూడు, సేఫ్టీ కమిషనర్ నివేదికలు మొత్తం బయటపెట్టాలి. ఆయన రైల్వే కింద కాదు, విమానయాన శాఖ కింద పనిచేసేది ఎందుకు మరి?

హాల్టు కోరిక ఒకటో నంబరులోనే ఉంచండి, మాకేం అభ్యంతరం లేదు. ఆదివారం పదింటికి సంఘం హాల్లో మళ్లీ కూర్చుంటున్నారు. ఒడియాలో కాపీ రాసేవాళ్లు ఇద్దరు కావాలి, మావయ్యగారు అగ్గిపెట్టె తెస్తానన్నారు. ఒప్పుకోనివాళ్లు కూడా రండి, అక్కడే తేల్చుకుందాం.