దిగడానికే గాని చూడటానికి కాని ఊరు

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఏ ట్రావెల్ ఏజెన్సీ గడప తొక్కినా అండమాన్ ప్యాకేజీ దాదాపు ఒకే మూసలో ఉంటుంది. ఐదు రాత్రులు, ఆరు పగళ్లు. మొదటి రోజు విమానం దిగి భోంచేశాక కార్బిన్స్ కోవ్ బీచ్‌లో కాసేపు, సాయంత్రం సెల్యులార్ జైలు, చీకటి పడ్డాక అక్కడే సౌండ్ అండ్ లైట్ షో. మర్నాడు పొద్దున్నే పడవెక్కి హేవ్‌లాక్, అటు నుంచి నీల్. చివరి రాత్రికి మళ్లీ పోర్ట్‌బ్లెయిర్, అదీ తెల్లారితే విమానం ఉంది కనుక. లక్ష మందికి పైగా నివసించే రాజధాని నగరానికి టూరిస్టు ఇచ్చేది ఒక సాయంత్రం, రెండు నిద్రలు.

ఆ ఊరి పేరు ఇప్పుడు శ్రీ విజయపురం. పేరు మార్పును కేంద్రం 2024 సెప్టెంబరు 13న ప్రకటించింది. అంతకుముందు 2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ షహీద్ ద్వీప్‌గా, రాస్ ఐలాండ్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్‌గా మారాయి. పాత ఎర్ర రంగు 20 రూపాయల నోటు వెనక కనిపించే దృశ్యాన్ని అందించిన మౌంట్ హారియట్ 2021లో మౌంట్ మణిపూర్ అయింది. ఈస్టిండియా కంపెనీ కోసం ఈ తీరాన్ని సర్వే చేసిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్‌ను ఇంకా ఎందుకు మోయాలన్న ప్రశ్న సబబే. కాకపోతే ఊరికి కొత్త పేరు వచ్చినప్పుడు ఊరి కథ కూడా కొత్తగా చెప్పుకునే వీలుంటుంది. ఆ పని జరగలేదు. కరపత్రాల్లో కొత్త పేరు పక్కన పాత పేరు చేరింది, ప్యాకేజీ మాత్రం అదే.

ఊరిని ఊరుగా అమ్మడం ఎలాగో తెలుసుకోవాలంటే మధ్యధరా తీరంలో బార్సిలోనాను చూడాలి. 1992 ఒలింపిక్స్‌కు ముందు అది సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న పారిశ్రామిక నగరం. తీరం పొడవునా ఫ్యాక్టరీలు, గోదాములు, రైలు పట్టాలు. క్రీడల పేరు చెప్పి వాటిని తొలగించి ఊరిని సముద్రం దాకా తెరిచారు. ఆ మరుసటి ఏడాదే నగర పాలక సంస్థ, వాణిజ్య మండలి కలిసి పర్యాటక ప్రచారానికి ఉమ్మడి సంస్థను పెట్టాయి. వాళ్లు అమ్మింది ఇసుకను కాదు. వీధుల్ని, కూరగాయల మార్కెట్‌ను, గౌడీ కట్టిన భవనాల్ని, అర్ధరాత్రి దాకా సాగే భోజనాల్ని. బీచ్ కోసం వచ్చినవాడు బీచ్ చూసి పోతాడు, ఊరి కోసం వచ్చినవాడు మళ్లీ వస్తాడని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పలేదు. 16 లక్షల జనాభా ఉన్న నగరానికి ఏటా కోటికి పైగా సందర్శకులు వస్తున్నారు.

ఆ కథలో రెండో సగం కూడా ఉంది. దాని సంగతి తర్వాత.

అమ్ముకోవడానికి పోర్ట్‌బ్లెయిర్‌లో ఏముందని అడగవచ్చు. చాలా ఉంది. అబర్డీన్ బజార్ గడియార స్తంభం దగ్గర ఒక గంట నిలబడితే దేశంలో సగం భాషలు చెవిన పడతాయి. 1858 మార్చిలో జేమ్స్ వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. వాళ్లూ, ఆ తర్వాత ఓడల్లో వచ్చిన వేల మందీ రకరకాల కులాలవారు, మతాలవారు, ప్రాంతాలవారు. శిక్ష ముగిశాక చాలామంది ఇక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు. వారి సంతతిని ‘లోకల్ బార్న్’ అంటారు. వాళ్ల ఇళ్లలో మాట్లాడే హిందుస్తానీ ఏ ఒక్క రాష్ట్రానిదీ కాదు. 1921 తిరుగుబాటు తర్వాత మలబారు నుంచి మాప్పిళ్లలు వచ్చారు. చోటా నాగపూర్ నుంచి అడవి పనులకు కూలీలు వచ్చారు, వాళ్లను ఇప్పటికీ రాంచీవాళ్లనే పిలుస్తారు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ శరణార్థులు వచ్చారు. కులం అడగకుండా పెళ్లిళ్లు జరిగిన ఊళ్లు మన దేశంలో ఎన్ని ఉన్నాయి? ఈ ఒక్క సంగతి చెప్పడానికే ఒక మ్యూజియం కట్టవచ్చు. ఫీనిక్స్ బే దగ్గర ఉన్న మానవశాస్త్ర మ్యూజియం ఆదివాసుల గురించి చెబుతుంది, అది చూడదగ్గదే. వలస వచ్చినవారి గురించి కూడా ఎవరో ఒకరు అంత శ్రద్ధగా చెప్పాలి.

చాథమ్ దీవిలో 1883లో పెట్టిన ప్రభుత్వ రంపపు మిల్లు ఉంది. చిన్న వంతెన దాటితే చాలు. అందులో రెండో ప్రపంచ యుద్ధంలో పడిన బాంబు తవ్విన గొయ్యి ఇప్పటికీ కనిపిస్తుంది. 1942 మార్చి నుంచి 1945 దాకా ఈ ఊరు జపాన్ సైన్యం చేతిలో ఉంది. స్థానికులు గూఢచారులన్న అనుమానంతో చిత్రహింసలు పడ్డారు, కొందరిని కాల్చి చంపారు. 1943 డిసెంబరు 30న నేతాజీ జెండా ఎగరేసింది ఆ కాలంలోనే. ఇది గర్వం, గాయం కలగలిసిన చరిత్ర. మనం మాత్రం గర్వాన్ని బోర్డు మీద రాసి గాయాన్ని పక్కన పెడుతున్నాం. తీరానికి దగ్గర్లో అబర్డీన్ యుద్ధ స్మారకం ఉంది. 1859 మేలో గ్రేట్ అండమానీయులు విల్లంబులతో బ్రిటిష్ వారి మీదికి వచ్చారు. వారిలో ఏడాది పాటు కలిసి బతికిన దూధ్‌నాథ్ తివారీ అనే పారిపోయిన ఖైదీ ముందే ఉప్పందించడంతో తుపాకులు సిద్ధంగా ఉన్నాయి. సినిమాకు పనికొచ్చే కథ అది. ఆ స్మారకం ముందు నుంచి టాక్సీలు ఆగకుండా పోతుంటాయి.

తెలుగువారికి ఈ ఊరు మరీ పరాయిది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరం నుంచి వెళ్లినవారు. చేపల పడవలు ఆగే జంగ్లీఘాట్‌లో ఉత్తరాంధ్ర యాస వినడానికి పెద్దగా వెతకనక్కర్లేదు. 2022 మునిసిపల్ ఎన్నికల్లో 24 వార్డులకు గాను రెండు తెలుగుదేశం గెలిచింది. కాంగ్రెస్, బీజేపీ చెరో పదితో ఆగిపోవడంతో ఆ రెండింటికీ విలువ వచ్చింది. 2023 మార్చిలో తెలుగుదేశం కౌన్సిలర్ ఎస్. సెల్వి బీజేపీ మద్దతుతో చైర్‌పర్సన్ అయ్యారు. ఆంధ్రలో, తెలంగాణలో పార్టీ కష్టకాలంలో ఉన్నప్పుడు సముద్రం అవతల ఒక పురపాలక సంఘం దక్కడం చూసి నవ్వుకున్నవారున్నారు. అక్కడ స్థిరపడిన తెలుగువారికి అది నవ్వులాట కాదు.

అంతకంటే పాత బంధం జైలుది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి తిరిగి వచ్చి 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకర వెంకటాచారినీ అండమాన్‌కే పంపారు. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ జైలుకు ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడు మిగిలాయి. సావర్కర్ గది ముందు ఫొటో తీసుకుని తిరిగొచ్చే తెలుగు కుటుంబానికి మల్లుదొర పేరు చెప్పే గైడ్ దొరకడం కష్టం. తప్పు గైడ్‌ది కాదు. ఆ పేరు ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఊరిని చూపించకపోవడం వల్ల నష్టం ఊరికే కాదు. చేతిలో మరో రోజు మిగిలిన టూరిస్టుకు పోర్ట్‌బ్లెయిర్‌లో అమ్మే సరుకు బారాటాంగ్ యాత్ర. తెల్లవారుజామున మూడు గంటలకే లేచి, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాల వరుసలో నిలబడి, జారవాల అడవి మధ్య నుంచి వెళ్లాలి. చెప్పేది సున్నపురాయి గుహల గురించి. చాలామంది కళ్లు వెతికేది మాత్రం రోడ్డు పక్కన మనుషుల కోసం. 2002లో సుప్రీంకోర్టు ఆ అడవిలో రోడ్డు మూసేయమంది. రోడ్డు నడుస్తూనే ఉంది. 2012లో జారవా స్త్రీల చేత ఆడించిన వీడియోను బ్రిటన్ పత్రిక బయటపెట్టినప్పుడు దేశమంతా సిగ్గుపడింది, కొన్నాళ్లు. అయితే సిగ్గుతో ఆ వాహనాలు ఆగలేదు. ఆ రోజును చాథమ్‌లోనో, రాస్ దీవి శిథిలాల్లోనో, వైపర్ దీవి ఉరికంబం దగ్గరో, అబర్డీన్ బజార్ వీధుల్లోనో గడపడానికి తగిన కారణం చూపిస్తే కొన్ని బళ్లయినా తగ్గుతాయి. నగర పర్యాటకానికి ఇంతకంటే మంచి సమర్థన నాకు కనిపించదు.

ఇక బార్సిలోనా రెండో సగం. 2024 జూలైలో ఆ నగరవాసులు హోటళ్ల ముందు కూర్చున్న సందర్శకుల మీద నీటి తుపాకులతో నీళ్లు చిమ్మారు. ఇళ్ల అద్దెలు భరించలేక సొంత పేటలు వదిలిపోతున్న వారి కోపం అది. పర్యాటకులకు అద్దెకిచ్చే 10,101 అపార్ట్‌మెంట్ల లైసెన్సులను 2028 నవంబరు నాటికి ముగిస్తామని మేయర్ జౌమ్ కొల్బోనీ ఆ ఏడాది జూన్‌లోనే ప్రకటించారు. అదే ఏడాది వెనిస్ ఒక పూట చూసిపోయేవారికి 5 యూరోల ప్రవేశ రుసుము పెట్టింది. మనకు వీటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. 2024 ఫిబ్రవరిలో జలాశయాలు 16 శాతం కన్నా కిందికి పడిపోవడంతో కాటలోనియా ప్రభుత్వం బార్సిలోనాలో కరవు అత్యవసర పరిస్థితి విధించింది. మనిషికి రోజుకు 200 లీటర్లని పరిమితి పెట్టింది. పక్కన హోటల్ ఈతకొలను చూస్తూ ఆ లీటర్లు లెక్కపెట్టుకున్న నగరవాసికి టూరిస్టు అతిథిలా కనిపించడు.

పోర్ట్‌బ్లెయిర్‌లో నీటి లెక్క ఇంకా ఇరుకు. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, రెండు రుతుపవనాలూ తడుపుతాయి. అయినా వేసవి వస్తే నీళ్లకు కటకటే. కొండవాలు నేల, పడిన వాన పడినట్టు సముద్రంలోకి జారిపోతుంది, నిలవబెట్టే చోటు తక్కువ. ఒకప్పుడు ఊరికంతటికీ దిల్థమన్ చెరువే దిక్కు. ఇప్పుడది గాంధీ పార్కులో భాగం. 1970లలో కట్టిన ధనిఖరి జలాశయం మీదే నగరం ప్రధానంగా బతుకుతోంది. వాన ఆలస్యమైన ఏడాది కుళాయి రెండు మూడు రోజులకోసారి వస్తుంది, డ్రమ్ములు బారులు తీరతాయి. హోటల్ వాళ్లు ట్యాంకర్లు కొనుక్కుంటారు. జంగ్లీఘాట్ ఇల్లాలు కొనుక్కోలేదు. పర్యాటక సీజన్ చివరి నెలలూ, నీళ్లు అడుగంటే నెలలూ ఒకటే కావడం మరో దురదృష్టం. చెత్త సంగతి వేరే చెప్పాలా? ద్వీపంలో పారేయడానికి ‘ఊరవతల’ అనేది ఉండదు.

ఇంత ఇరుకులో ఆకాంక్షలు మాత్రం విశాలంగా ఉన్నాయి. 2016 మేలో వరంగల్‌తో పాటే పోర్ట్‌బ్లెయిర్ కూడా స్మార్ట్ సిటీ జాబితాకెక్కింది. 2020లో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చి ఇంటర్నెట్ లేదన్న ఫిర్యాదు తీరింది. 2023 జూలై 18న సుమారు 710 కోట్ల రూపాయలతో గవ్వ ఆకారంలో కట్టిన విమానాశ్రయ టెర్మినల్‌ను ప్రధాని ప్రారంభించారు. ఏటా 50 లక్షల ప్రయాణికులకు సరిపోయే భవనం. కరోనాకు ముందు 2019లో దీవులకు వచ్చిన సందర్శకులు సుమారు 5 లక్షలు. మొత్తం ద్వీపాల జనాభా 2011లో 3.8 లక్షలు. టెర్మినల్ నింపాలన్న ఉత్సాహం అర్థమవుతుంది. ధనిఖరి సైజు మాత్రం టెర్మినల్‌తో పాటు పెరగలేదు.

చిక్కు మరోచోట ఉంది. శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం ఇది. పర్యాటక ప్రచారం లెఫ్టినెంట్ గవర్నర్ కింద పనిచేసే యంత్రాంగం చేతిలో ఉంటుంది. కుళాయి రాలేదని జనం నిలదీసేది, చెత్త ఎత్తలేదని తిట్టేది మునిసిపాలిటీని. ఆహ్వానించేవారు ఒకరు, అన్నం వండేవారు మరొకరు. బార్సిలోనాలో ప్రచార సంస్థలో నగరపాలక సంస్థకే వాటా ఉంది కనుక తప్పు చేసినా సరిదిద్దుకునే అధికారం మేయర్‌కు మిగిలింది. పోర్ట్‌బ్లెయిర్ కౌన్సిల్‌కు ఆ పాటి పాత్ర ఇవ్వాలి. ఏ నెలలో ఎంతమందికి నీళ్లు పోయగలరో ముందుగా చెప్పే హక్కు దానికి ఉండాలి. ఆ అంకె తేలాక ప్రచారం ఎంత జోరుగా చేసినా భయం లేదు. హోటల్ గదుల సంఖ్య కన్నా నిలబడే రోజుల సంఖ్య పెంచాలి. ఒకే కుటుంబం ఊళ్లో మరో రెండు రోజులుంటే చేపలమ్మేవాడికీ ఆటోవాడికీ డబ్బు చేరుతుంది, విమానం నుంచి ఇంకో కుటుంబం దిగనక్కర్లేదు.

దీనికి కోట్లేమీ అక్కర్లేదు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు సముద్ర మార్గం సుమారు 1,200 కిలోమీటర్లు, ఓడలో రెండున్నర రోజుల లోపే. చెన్నై, కోల్‌కతాలతో పోలిస్తే విశాఖకు ఓడలు బాగా తక్కువ. అవి పెరిగితే టూరిస్టు కన్నా ముందు, పెళ్లికో చావుకో సొంతూరు రావలసిన జంగ్లీఘాట్ కుటుంబానికి మేలు. సెల్యులార్ జైలు సౌండ్ అండ్ లైట్ షోలో ప్రాంగణంలోని రావిచెట్టు కథ చెబుతుంది. అది చాలా ఏళ్లు ఓం పురి గొంతుతో హిందీలో పలికింది, ఇంగ్లీషులోనూ నడిచింది. ఆ చెట్టుకు వారానికి ఒక రాత్రి తెలుగు గొంతు పెట్టి, మల్లుదొర గురించి రెండు నిమిషాలు చెప్పించడానికి కొత్త జలాశయం కూడా అక్కర్లేదు.