చందమామపై చెడుగుడు!

బ్యాటు ఊపితే చాలు, బంతి అర కిలోమీటరు అవతల పడుతుంది. ఉన్నచోటు నుంచి ఎగిరితే డాబా ఎత్తు అందుతుంది. అలాంటి మైదానం ఒకటుంది. కాకపోతే దాన్ని చేరాలంటే దాదాపు 3,84,000 కిలోమీటర్లు వెళ్లాలి. అదే చందమామ!

అక్కడ ఆటలాడటం ఉత్త ఊహేం కాదు. ఇప్పటికే ఆడారు కూడా. 1971 ఫిబ్రవరి 6న అపోలో-14 వ్యోమగామి అలన్ షెపర్డ్, రాళ్లూ మట్టీ సేకరించే పరికరం కర్రకు గోల్ఫ్ క్లబ్ తలను బిగించి రెండు బంతుల్ని కొట్టాడు. బిగుతైన స్పేస్‌సూట్‌లో రెండు చేతులూ కలవక ఒంటిచేత్తోనే ఊపాడు. బంతి మైళ్లకు మైళ్లు పోయిందని సరదాగా చెప్పాడు. అసలు సంగతి 2021లో బయటపడింది. పాత ఫొటోలను మెరుగుపరిచి కొలిస్తే ఒక బంతి 24 గజాలు, రెండోది 40 గజాలు మాత్రమే వెళ్లిందని తేలింది!

మరి చంద్రుడి ఆకర్షణ శక్తి భూమిలో ఆరో వంతేగా, బంతి ఎందుకు పోలేదు? తప్పు చంద్రుడిది కాదు, సూట్‌ది. బంతిని సెకనుకు 30 మీటర్ల వేగంతో, 45 డిగ్రీల కోణంలో కొట్టారనుకుందాం. గాలి అడ్డును పక్కన పెడితే భూమ్మీద అది 92 మీటర్ల దూరంలో, నాలుగు సెకన్ల పైచిలుకు సమయంలో పడుతుంది. చంద్రుడి మీదైతే 555 మీటర్లు వెళ్తుంది. గాల్లో... కాదు కాదు, అక్కడ గాలే లేదు కదా! ఆకాశంలో 26 సెకన్లు ఉంటుంది. అలాగని తిరిగి రాకుండా పోతుందన్న బెంగ అక్కర్లేదు. చంద్రుణ్ని వదిలి వెళ్లాలంటే సెకనుకు సుమారు 2.4 కిలోమీటర్ల వేగం కావాలి. అంత బలంగా కొట్టే బ్యాట్స్‌మన్ ఇంకా పుట్టలేదు.

బౌలర్ల పరిస్థితే పాపం. బంతి స్వింగ్ కావాలంటే గాలి ఉండాలి. అది లేదు కాబట్టి స్వింగ్ సున్నా. చేతి నుంచి అడ్డంగా వదిలిన బంతి అర సెకనులో భూమ్మీద 1.2 మీటర్లు కిందికి దిగితే, అక్కడ 20 సెంటీమీటర్లే దిగుతుంది. అంటే మామూలుగా వేసిన బంతులన్నీ ఫుల్‌టాస్‌లే! ‘హౌజట్’ అని అరిచినా రేడియో లేకుంటే అంపైర్‌కు వినిపించదు.

చెడుగుడు సంగతీ అంతే. కూత పెట్టినా ఎవరికీ వినపడదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. చంద్రుడి మీద తగ్గేది బరువే, శరీరంలోని పదార్థం కాదు. కాబట్టి ఇద్దరు ఢీకొంటే దెబ్బ ఇక్కడ ఎంతో అక్కడా అంతే. పైగా బరువు తగ్గితే కాలికి నేల మీద పట్టూ తగ్గుతుంది. అదే వేగంతో పరుగెత్తి ఆగాలంటే ఆరు రెట్ల దూరం జారాలి. గీత తాకి వెనక్కి తిరగబోయిన ఆటగాడు నేరుగా అవతలి జట్టు ఒళ్లోకే!

ఈ తేడా మరిచిపోతే ఏమవుతుందో 1972 ఏప్రిల్‌లో తెలిసింది. అది మ్యూనిక్ ఒలింపిక్స్ జరిగిన ఏడాది. అపోలో-16 వ్యోమగాములు జాన్ యంగ్, చార్లెస్ డ్యూక్ చంద్రుడి మీదా ‘ఒలింపిక్స్’ ఆడదామనుకున్నారు. అంతకుముందు జెండాకు సెల్యూట్ చేస్తూ యంగ్ ఎగిరితే నేలను వదిలి దాదాపు ఒకటిన్నర సెకన్లు ఉన్నాడు. 42 సెంటీమీటర్లు లేచాడు. అదే వేగంతో ఇక్కడ ఎగిరితే 7 సెంటీమీటర్లే!

ఆ హుషారులోనే హైజంప్‌కు దిగిన డ్యూక్ బలమంతా పెట్టి ఎగిరాడు. వీపున ఉన్న పెట్టె వెనక్కి లాగడంతో పట్టు తప్పి వెల్లకిలా పడిపోయాడు. ఆ పెట్టెలోనే అతని ప్రాణవాయువు, సూట్‌ను చల్లబరిచే ఏర్పాటు ఉన్నాయి. అది పగిలినా, సూట్ చిరిగినా చుట్టూ ఉన్నది శూన్యమే. పడుతూ పడుతూ పక్కకు దొర్లడంతో దెబ్బ తగ్గింది. పంపుల చప్పుడు ఇంకా వినిపిస్తుంటే గానీ ఆయన గుండె కుదుటపడలేదు. ఒలింపిక్స్ అక్కడితో ముగిశాయి!

అందుకే చంద్రుడి మీద ఆటలు నిజంగా సాగాలంటే గాలి నింపిన పెద్ద గుమ్మటం లాంటి కట్టడం కావాలి. సూట్ బాధ ఉండదు. ఇక్కడ అర మీటరు ఎగిరేవాళ్లు అందులో మూడు మీటర్లు లేస్తారు. బాస్కెట్‌బాల్ రింగును ఎక్కడ బిగించాలన్నదే సమస్య.

అందాకా మీరే ఓ చిన్న ప్రయోగం చేయండి. బంతిని నిట్టనిలువుగా పైకి విసిరి, మళ్లీ చేతికి రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారంలో చూడండి. దాన్ని ఆరుతో హెచ్చవేయండి. రెండు సెకన్లు పడితే చంద్రుడి మీద 12 సెకన్లన్నమాట. అంతసేపు మెడెత్తి నిలబడే ఓపిక ఉన్నవాళ్లే అక్కడ క్యాచ్ పట్టగలరు!