పాత కంప్యూటర్‌ను తూకానికి అమ్మొద్దు



నానక్‌రామ్‌గూడలో మా నాన్న ఇటుకలు మోసిన అపార్ట్‌మెంట్లలో నేడు సెల్‌ఫోన్ నొక్కితే లైట్లు వెలుగుతున్నాయి. ఎలా వెలుగుతున్నాయో ఆయనకు ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. నేను తెలుసుకుని చెప్పాను.

మన హాస్టల్ మూలన పడి ఉన్న కంప్యూటర్ వెనుక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉంది. 1960లో వచ్చిన ఆర్‌ఎస్-232 పద్ధతి అది. పంపడానికి, అందుకోవడానికి, గ్రౌండుకు మూడు తీగలు చాలు. అయితే సుమారు 15 మీటర్లు దాటితే దాన్ని నమ్మలేం. ఆర్‌ఎస్-485 కన్వర్టర్ తగిలిస్తే, తక్కువ వేగంలో 1,200 మీటర్ల దాకా, ఒకే లైను మీద 32 పరికరాలతో మాట్లాడించవచ్చు. ట్యాంకు నిండగానే రిలే ద్వారా మోటారు ఆపవచ్చు. 230 వోల్టుల వైరింగు మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

“పాతది ఎందుకు, కొత్తది కొనుక్కోవచ్చు కదా?” అంటారు. కొత్తదాంట్లో పనంతా మూసిన డబ్బాలో జరుగుతుంది. ఇందులో ప్రతి తీగా మనం కలిపిందే. తప్పు ఎక్కడుందో మనమే వెతుక్కుంటాం. చదువంటే అదే కదా!

వార్డెన్ గారికి నా మనవి ఒక్కటే. ఆ కంప్యూటర్‌ను తూకానికి వేయకండి, పిల్లలకు ఇవ్వండి.